పాతకాలపు ఇంగ్లీషు గౌను పాటర్న్ రివ్యూ: చంక కోసే ముందు ఒకసారి చూడండి

నమస్కారం. మీరు చూస్తున్న ఈ ఆకుపచ్చ గౌనును 1880ల నాటి ఇంగ్లీషు స్త్రీల దుస్తుల ఆధారంగా గీసిన కాగితపు పాటర్న్‌తో హన్మకొండలోని మా ఇంట్లోనే కుట్టాను. మా అక్క కూతురు కాలేజీ నాటకంలో దొరసాని వేషం వేస్తున్నది. దొరసాని అనగానే మనవైపు గడీ గుర్తుకొస్తుంది గానీ, ఈమె సముద్రం దాటి వచ్చిన దొరసాని.

పాటర్న్ గీత మాత్రం చక్కగా ఉన్నది. భుజం కుట్టు వెనక్కి జరిగి ఉండడం, వీపు సన్నని ముక్కలుగా ఉండడం, మోచేతి దగ్గర వంపుతో చెయ్యి రెండు ముక్కలుగా రావడం, అన్నీ ఆ కాలపు పద్ధతే.

వరంగల్ చౌరస్తా దగ్గర కొన్న కోరా గుడ్డతో ముందు నమూనా బాడీ, అంటే గౌను పైభాగం, కుట్టి, చేతులు అతకకుండానే తొడిగించాను. చంకలో కోసుకుపోతున్నదని అమ్మాయి అన్నది. రోజూ బ్లౌజులు కుట్టే చేతికి వెంటనే తోచేది చంక గుండ్రాన్ని లోతు చేయడమే కాబట్టి, నేనూ ముప్పావు ఇంచు కిందికి కోశాను. తరువాత చేతులు అతికి చూస్తే, ఆమె చెయ్యి లేపినప్పుడల్లా నడుము అంచు రెండు ఇంచులు పైకి లేచి లోపలి లంగా కనబడింది. ఆ కాలపు బాడీలో చంక చిన్నదిగా, పైకి ఉండేది చెయ్యి కదిలినా బాడీ కదలకుండా ఉండేందుకే. చంక ఎంత దిగితే చెయ్యి బాడీని అంత గుంజుతుంది. అసలు కోసుకుపోయింది కుట్టు కోసం వదిలి ఇంకా మడవని అర ఇంచు మార్జిన్. దానికి గాట్లు పెట్టి ఉంటే సరిపోయేది. కోసిన గుడ్డ తిరిగి రాదు గనుక పక్క ముక్కలు రెండూ కొత్తగా కోయవలసి వచ్చింది.

నడుము దగ్గర అడ్డంగా పడిన ముడతలకు కారణం వేరు. పాటర్న్‌లో మెడ వెనక నుంచి నడుము వరకు 16 ఇంచులు, మా అమ్మాయికి పద్నాలుగున్నర. పక్కల బిగిస్తే ఆ ముడత పోదు. అన్ని ముక్కలనూ ఛాతీకి, నడుముకు మధ్య అడ్డంగా మడిచి ఒకటిన్నర ఇంచు తగ్గించాలి.

నాకు కోపం వచ్చింది సూచనల పుస్తకం మీదనే. లోపల కార్సెట్, అంటే నడుమును బిగించే లోదుస్తు, తొడిగిన తరువాతే కొలతలు తీయాలన్న మాట దానిలో చివరి పేజీలో ఒక్క వాక్యంగా ఉన్నది. కార్సెట్ వేస్తే ఛాతీ పైకి లేస్తుంది, దానితో డాట్ల (ఒంటి వంపు కోసం గుడ్డను మడిచి వేసే కుట్ల) మొనలూ మారుతాయి. అలాగే వెనక ఎత్తు కోసం కట్టే దిండు కట్టకముందే లంగా అంచు గుర్తు పెడితే వెనకభాగం పొట్టిదైపోతుంది.

గీతకు ఇచ్చిన డబ్బు దండుగ కాదు, పుస్తకానికి ఇచ్చింది మాత్రం దండుగే. మీరు కుట్టేటప్పుడు పక్క కుట్లలో అర ఇంచుకు బదులు ఒక ఇంచు మార్జిన్ వదలండి. ఇప్పుడు అమ్మాయి చెయ్యెత్తి చూపిస్తున్నది. నడుము మీద వేసిన ఈ ఎర్ర దారం కుట్టు ఉన్నచోటనే ఉండడం గమనించండి.