అర్ధరాత్రి అలారం మోగితే అందులో పని ఉండాలి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో కాలేజీ ల్యాబులు చూసేవాళ్లున్నారు, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో సర్వర్లు చూసేవాళ్లున్నారు, కోనసీమ ఊళ్లలో కేబుల్ నెట్ నడిపేవాళ్లున్నారు. సర్వర్ల మీద, నెట్‌వర్క్ మీద కన్నేసి ఉంచే ఓపెన్ సోర్స్ టూల్స్ గురించి మాట్లాడమన్నారు. ముందు అలారం సంగతి తేల్చుకుందాం. చాలాచోట్ల గ్రాఫులు అందంగానే ఉంటాయి. అలారాలు మాత్రం ఎడాపెడా వచ్చి పడుతుంటాయి, వారం తిరక్కుండానే ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు. తర్వాత అసలైనది వచ్చినా చూసే నాథుడుండడు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పద్ధతి మీకు తెలిసిందే. నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకు లంకల్లో ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉంటారు. మన అలారమూ అలాగే ఉండాలి. లేచి చెయ్యాల్సిన పని లేకపోతే అది అలారం కాదు, గ్రాఫులో ఉంటే చాలు. ఇంకోటి, మనం మట్టం ఒక్కటే చూడం. ఎగువన భద్రాచలంలో ఎంత జోరుగా పెరుగుతోందో కూడా కనుక్కుంటాం.

డిస్కు విషయంలో సరిగ్గా ఇదే మర్చిపోతారు. 90 శాతం దాటితే అలారం అని రాసి వదిలేస్తారు. 4 టీబీ డిస్కులో 90 శాతం నిండినా ఇంకా 400 జీబీ ఉంటుంది, నెలలు గడవొచ్చు. 20 జీబీ రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లుండే భాగం)లో మిగిలేది 2 జీబీ, ఏదో ప్రోగ్రాం లాగ్ అదుపు తప్పిందంటే గంటలో అయిపోతుంది. సర్వర్ల అంకెలు సేకరించి దాచే ప్రొమిథియస్ అనే టూల్‌లో ‘ప్రెడిక్ట్ లీనియర్’ అనే ఫంక్షన్ ఉంది. గత 6 గంటల పోకడ ఇచ్చి, రాబోయే 24 గంటల్లో ఖాళీ సున్నా కిందికి పోతుందా అని అడగండి. అలారం దాని మీద పెట్టండి. ఐనోడ్‌లనూ (ఒక్కో ఫైలుకు డిస్కు కేటాయించే చోటు, వీటి సంఖ్యకు పరిమితి ఉంటుంది) విడిగా చూడండి. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే, జీబీల లెక్కన బోలెడంత ఖాళీ కనిపిస్తూనే కొత్త ఫైలు రాయనివ్వదు.

ప్రొమిథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైంది. ప్రతి లినక్స్ సర్వర్‌లో నోడ్ ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రాం పెడతాం, అది 9100 పోర్టులో అంకెలు చూపిస్తుంది. వేరే మెషీన్‌లో ఉన్న ప్రొమిథియస్ వాటిని తనే వచ్చి తీసుకెళ్తుంది, గ్రఫానా బొమ్మ గీస్తుంది. ఈ 9100కి మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు. ఫైర్‌వాల్‌లో ప్రొమిథియస్ మెషీన్ ఐపీకి తప్ప ఎవరికీ తెరవకండి.

స్థలం ఎంత కావాలో లెక్క వేద్దాం. 20 సర్వర్లు, ఒక్కోదాని నుంచి వెయ్యి సిరీస్‌లు (మెమరీ, డిస్కు లాంటి ఒక్కో కొలత ఒక సిరీస్), 15 సెకన్లకోసారి అనుకుంటే రోజుకు దాదాపు 11.5 కోట్ల శాంపిళ్లు, అంటే రీడింగులు. శాంపిల్‌కు 2 బైట్లు వేసుకున్నా 230 ఎంబీ. ఏమీ మార్చకపోతే ప్రొమిథియస్ 15 రోజులే దాచిపెడుతుంది. 90 రోజులకు పెంచినా 21 జీబీ దాటదు, ల్యాబులో పక్కన పెట్టిన పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ వేస్తే సరిపోతుంది. ఈ లెక్కను పాడుచేసేది లేబుళ్లు, అంటే ఒక్కో కొలతకు తగిలించే గుర్తులు. కస్టమర్ మొబైల్ నంబరును లేబుల్‌గా పెట్టారంటే, ఒక్కో నంబరుకు ఒక్కో సిరీస్ పుట్టి ర్యామ్ మొత్తం తినేస్తుంది.

ఒక్కరే అన్నీ చూసుకునే చోట నేను జాబిక్స్ అనే టూల్ పెట్టుకోమంటాను. ఏజెంట్ (సర్వర్‌లో ఉండి అంకెలు పంపే ప్రోగ్రాం), ఎస్‌ఎన్‌ఎంపీ (స్విచ్చులు, రూటర్లను అంకెలు అడిగే పద్ధతి), అలారం, మ్యాపు అన్నీ ఒకే స్క్రీన్‌లో ఉంటాయి. నాగియోస్ అనే పాత నిఘా టూల్ ఇప్పటికే నడుస్తూ ఉంటే పీకెయ్యక్కర్లేదు.

ఇక నెట్‌వర్క్. స్విచ్చులు, రూటర్లు ఎక్కువగా ఉంటే లిబ్రెఎన్‌ఎంఎస్ మంచిది, ఎస్‌ఎన్‌ఎంపీతో 5 నిమిషాలకోసారి అడుగుతుంది. ఇక్కడ పాత స్విచ్చులతో ఒక చిక్కుంది. దాటిన బైట్లను లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్, గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే 34 సెకన్లకే నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 5 నిమిషాల్లో అది ఎన్నిసార్లు తిరిగిందో టూల్‌కు తెలియదు. అందుకే సాయంత్రం లింకు కిక్కిరిసి ఉన్నా గ్రాఫు ఖాళీగా కనిపిస్తుంది. 64 బిట్ల కౌంటర్లు వాడాలి, దానికి ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 2సీ లేదా 3 కావాలి. ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్‌లా పనిచేసే ‘పబ్లిక్’ అనే కమ్యూనిటీ పేరును మొదటి రోజే మార్చెయ్యండి.

‘నెట్ స్లో’ అని ఫోన్ వచ్చినప్పుడు పనికొచ్చేది స్మోక్‌పింగ్. మామూలు సెట్టింగులో 5 నిమిషాలకోసారి 20 పింగులు పంపి, మధ్యస్థ విలువను గీతగా, చెదిరినవాటిని పొగలా చూపిస్తుంది. మూడు టార్గెట్లు పెట్టండి: మీ గేట్‌వే, పైన లింకు ఇచ్చినవాళ్ల మొదటి రూటర్, బయటి ప్రపంచంలో ఏదో ఒకటి. పొగ ఎక్కడ మొదలైతే తగాదా అక్కడిది. దారిలోని ఒక్కో రూటర్‌కూ పింగు కొట్టి చూపించే ఎంటీఆర్‌ టూల్‌లో మధ్య హాప్ (దారిలో ఒక రూటర్) దగ్గర లాస్ కనిపించి చివర లేకపోతే కంగారు పడొద్దు, ఆ రూటర్ పింగుకు జవాబివ్వడాన్ని వెనక్కి నెట్టిందంతే.

మన ఊళ్లలో ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదే. కొబ్బరి మట్ట పడి వంగుతుంది, జాయింటు బాక్సులోకి నీళ్లు దిగుతాయి. ఓఎల్‌టీ (మన వైపు ఫైబర్ మొదలయ్యే పెట్టె) ఎస్‌ఎన్‌ఎంపీలో ఇస్తే, ప్రతి ఇంటి ఓఎన్‌యూ (ఇంట్లో ఫైబర్ చివరి పెట్టె) అందుకునే ఆప్టికల్ పవర్‌ను రికార్డు చెయ్యండి. మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలం కొలత)కి దిగాక చూద్దాంలే అనుకుంటే, ఆపాటికి కనెక్షన్ పోయి ఉంటుంది. ఆ ఇంటి మామూలు విలువ కన్నా 3 డీబీ తగ్గితే వెలుతురు సగానికి పడినట్టు. అప్పుడే మనిషిని పంపాలి. ఒకే స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచేది) కింద ఇళ్లన్నీ కలిసి తగ్గితే లోపం ఇళ్లలో కాదు, పైన ఉంది.

ఓఎల్‌టీ పడిపోతే దాని వెనకున్న 200 ఇళ్ల అలారాలూ ఒకేసారి రాకూడదు. ప్రొమిథియస్ అలారాలను పంపిణీ చేసే అలర్ట్‌మేనేజర్‌లో ఇన్హిబిషన్ (ఆపే) రూల్ రాస్తే పైది మోగినప్పుడు కిందివి నోరు మెదపవు. ప్రొమిథియస్‌లో రాసే అలారం రూలులో ‘ఫర్’ దగ్గర 5 నిమిషాలు పెడితే క్షణంలో వచ్చిపోయేవి వడకట్టుకుపోతాయి.

తుపాను రోజుల్లో ముందు పోయేది కరెంటు. యూపీఎస్‌ను యూఎస్‌బీతో కలిపి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ పెట్టండి. ‘ఓబీ’ అని వస్తే బ్యాటరీ మీద నడుస్తున్నట్టు, ‘ఎల్‌బీ’ కూడా చేరితే బ్యాటరీ అయిపోవస్తున్నట్టు. ఎల్‌బీ దాకా ఆగకుండా డేటాబేస్ సర్వర్‌ను ముందే సక్రమంగా ఆపించండి. పాతబడిన బ్యాటరీలో 20 నిమిషాలు అని చూపించి 4 నిమిషాలకే పడిపోవడం మామూలే.

నిఘా మెషీన్ కూడా అదే గదిలో, అదే కరెంటు మీద ఉంటుంది కదా, అది పోతే ఎవరు చెబుతారు? ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలారం రాసి, దాన్ని డెల్టా బయట ఎక్కడో ఉన్న చిన్న వీపీఎస్‌కు (అద్దెకు దొరికే సర్వర్) నిమిషానికోసారి పంపించండి. అక్కడ హెల్త్‌చెక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం పెట్టుకోవచ్చు. 5 నిమిషాలు కబురు రాకపోతే అదే మీకు మెసేజ్ కొడుతుంది. వర్షాలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం పొద్దున్న అందరికీ చెప్పి, అప్‌లింక్ కేబుల్ పీకి, మెసేజ్ ఎన్ని నిమిషాలకు ఎవరి ఫోన్‌కు వచ్చిందో రాసి పెట్టుకోండి. రాకపోతే ఆ రోజే సరిచెయ్యండి.