జాన్ విలియమ్స్ వాయించిన 'అస్తూరియాస్': సెవిల్ కచేరీ రివ్యూ

నమస్కారమండీ. ఈ వీడియో అంతా ఒకే ఒక్క గిటార్ రచన గురించి. ఆరేడు నిమిషాల రచన, పేరు 'అస్తూరియాస్'. వాయించింది జాన్ విలియమ్స్. హాలీవుడ్ సినిమాలకు సంగీతం చేసే జాన్ విలియమ్స్ వేరు, ఈయన వేరు. ఈయన క్లాసికల్ గిటారిస్ట్. 1941లో మెల్‌బోర్న్‌లో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో లండన్ వచ్చేశారు. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో రాయల్ అల్కాసర్ అనే పాత రాజభవనం ఉంది. అక్కడ ఆయన చేసిన కచేరీని 1993లో సోనీ 'ద సెవిల్ కాన్సర్ట్' పేరుతో విడుదల చేసింది. నేను మాట్లాడేది అందులోని అస్తూరియాస్ గురించే.

ఈ రచన పేరెత్తగానే అందరూ ముందు స్పీడు గురించే మాట్లాడతారు. నిజమే, వేళ్ళు కంటికి ఆనవు. కానీ అంతే వేగంగా, ఇంకా వేగంగా వాయించేవాళ్ళు ఈరోజు చాలామందే ఉన్నారు. విలియమ్స్ గొప్పతనం నాకు కనిపించేది ఇంకోచోట. అంత వేగంలో ఒక్క స్వరం కూడా పక్క స్వరాన్ని తొక్కేయదు. ఏది ముందు వినపడాలో అది ముందు, ఏది వెనక ఉండాలో అది వెనక, మొదటి నుంచి చివరిదాకా.

అదెంత కష్టమో తెలియాలంటే ఈ రచన ఎలా కట్టారో కొంచెం చూడాలి. గిటార్‌లో రెండో తీగ, బి తీగ, మొదటి భాగంలో దాదాపు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని నొక్కే పనే లేదు, ఓపెన్ స్ట్రింగ్‌గా మోగుతుంది. మన కచేరీల్లో తంబురా శ్రుతి ఎలా వెనక నిలబడి ఉంటుందో ఇక్కడ ఈ బి తీగ అలాంటిది. తేడా ఏమిటంటే ఇది సాగదు, టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. అసలు పాట మాత్రం బొటనవేలితో మంద్ర తీగల మీద నడుస్తుంది. బొటనవేలు ఒక స్వరం, తర్వాత బి. మళ్ళీ బొటనవేలు, మళ్ళీ బి. కాసేపటికి పాటలోని ఒక్కో స్వరానికీ మధ్య రెండేసి బి స్వరాలు వచ్చి చేరతాయి. అక్కడే చిక్కు మొదలవుతుంది.

లెక్క చూడండి. పాట స్వరం ఒకటి, బి స్వరాలు రెండు. మామూలు చేతుల్లో సంఖ్య ఎక్కువున్నదే గట్టిగా వినిపిస్తుంది. బి తీగ మోత ముందుకొచ్చేసి, కింద నడిచే పాట మునిగిపోతుంది. దాంతో బొటనవేలితో గట్టిగా లాగుతారు. అప్పుడు మంద్ర తీగ ఫ్రెట్‌కి, అంటే గిటార్ మెడ మీది సన్నని లోహపు కడ్డీకి, తగిలి చప్పుడు చేస్తుంది. విలియమ్స్ వాయింపులో ఈ రెండూ లేవు. బి తీగ మెత్తగా, ఒకే బరువుతో వెనకనే ఉంటుంది. బొటనవేలి స్వరాలు గుండ్రంగా, వేటికవి విడిగా వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నిమిషం కింది పాటను మాత్రమే పట్టుకుని వినండి. రెండోసారి బి తీగను మాత్రమే పట్టుకోండి. ఇద్దరు మనుషులు వాయిస్తున్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత పెద్ద కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగే దెబ్బలు, వస్తాయి. అప్పటిదాకా చిన్నగా నడిచిన చెయ్యి ఒక్కసారిగా తీగలన్నిటి మీదుగా వెళ్ళి, వెంటనే వెనక్కి వచ్చి మళ్ళీ అదే సన్నని అల్లిక అందుకోవాలి. చాలామంది ఇక్కడ ఓ వెంట్రుకవాసి ఆగుతారు. కొందరు కావాలనే ఆగి, నాటకీయంగా ఉంటుందనుకుంటారు. విలియమ్స్ ఆగరు. కార్డ్ పడుతుంది, లయ కదలదు. అందుకే దాని దెబ్బ రెట్టింపవుతుంది. మనం ఊపిరి బిగబట్టేది కార్డ్ గట్టిగా పడినందుకు కాదు, అది పడ్డాక కూడా నడక చెక్కుచెదరనందుకు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఈ రచన గిటార్ కోసం రాసిందే కాదు! ఐజాక్ అల్బెనిజ్ అనే కటలోనియా స్వరకర్త 1890ల తొలినాళ్ళలో పియానో కోసం రాశారు. ఆయన 1860లో పుట్టారు, స్వయంగా పెద్ద పియానిస్ట్. ఆయన పియానో మీద గిటార్‌ను పలికించాలనుకున్నారు. ఫ్లమెంకో, అంటే దక్షిణ స్పెయిన్ సంప్రదాయ సంగీతం, వాయించే గిటారిస్ట్ బొటనవేలు ఎలా నడుస్తుందో దాన్ని పది వేళ్ళకు పంచారు. తర్వాత గిటారిస్టులు దాన్ని మళ్ళీ గిటార్ మీదకు తెచ్చుకున్నారు. పియానోలో జి మైనర్‌లో ఉన్నదాన్ని గిటార్‌కు ఇ మైనర్‌లోకి మార్చారు. అలా మార్చడంతో ఇందాక చెప్పిన బి తీగ ఓపెన్‌గా మోగే వీలొచ్చింది. ఆండ్రెస్ సెగోవియా లాంటి మహావిద్వాంసుడు కచేరీల్లో వాయించాక, ఇది పియానో రచన అన్న సంగతే చాలామంది మర్చిపోయారు.

పేరు సంగతి కూడా అంతే. అస్తూరియాస్ అనేది స్పెయిన్ ఉత్తర తీరంలోని ప్రాంతం. ఈ సంగీతంలో ఆ ప్రాంతం ఛాయలేవీ లేవు. ఇది దక్షిణాదిది, అందలూసియాది. అల్బెనిజ్ దీన్ని ఒక సంపుటిలో 'ప్రెల్యూడ్'గా మాత్రమే పెట్టారు. ఆయన 1909లో చనిపోయాక ప్రచురణకర్తలు దీన్ని వేరే సంపుటిలో చేర్చి అస్తూరియాస్ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. సెవిల్ అందలూసియా రాజధాని. అల్కాసర్‌లో పద్నాలుగో శతాబ్దపు రాజభవనాన్ని ముదేహార్ శైలిలో కట్టారు, అంటే అరబ్బు పనితనమూ క్రైస్తవ రాజుల అభిరుచీ కలిసిన శైలి. కాబట్టి ఈ సంగీతం ఆ కచేరీలో తన సొంత నేలమీదే మోగింది.

మధ్య భాగానికి వద్దాం. మోత అంతా ఆగిపోయి, ఒక్క గొంతు పాడుతున్నట్టు నెమ్మదైన పాట వస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు ఇక్కడ చెవి ఒగ్గండి. ఫ్లమెంకోకు ప్రాణమైన ఫ్రిజియన్ అనే స్వరాల వరుస ఇక్కడ వినిపిస్తుంది. అవి మన హనుమతోడి మేళకర్తలోని స్వరస్థానాలే. అక్కడక్కడా సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వస్తుంది, అప్పుడు వకుళాభరణం స్వరాలవుతాయి. అలాగని తోడి వింటున్నట్టు మాత్రం ఉండదు, ఎందుకంటే తోడిని తోడి చేసే గమకాలు ఇందులో లేవు. అయినా ఆ శుద్ధ రిషభం నుంచి షడ్జమానికి దిగేచోట మన చెవికి ఎక్కడో తెలిసిన బాధే వినపడుతుంది.

ఈ భాగంలోనే విలియమ్స్ మీద పాత విమర్శ ఒకటుంది. టెక్నిక్ మచ్చలేనిదే కానీ మనిషి చల్లగా వాయిస్తాడు, మనసు బయటపెట్టడు అంటారు. సెగోవియా దగ్గర ఇటలీలోని సియెనా వేసవి తరగతుల్లో నేర్చుకున్నా, గురువుగారిలా స్వరాన్ని సాగదీసి, రంగులు మార్చి వాయించే పద్ధతి ఈయన పట్టుకోలేదు. ముఖంలో కూడా ఏమీ కనిపించదు. ఏదో పని శ్రద్ధగా చేసుకుంటున్న మనిషిలా కూర్చుంటారు. నేను ఈ విమర్శను ఒప్పుకోను. ఈ పాటలో దుఃఖం ఇప్పటికే రాసి ఉంది. వాయించేవాడు దాని మీద తన దుఃఖాన్ని కూడా పోస్తే మనకు వినపడేది అతనే, పాట కాదు. విలియమ్స్ ప్రతి స్వరానికీ దాని పూర్తి నిడివి ఇస్తారు, మౌనానికి కూడా. పక్కకు తప్పుకుని పాటకు దారి ఇవ్వడం చల్లదనం ఎలా అవుతుంది? నా దృష్టిలో అది గౌరవం.

ఒక్కచోట మాత్రం నాకు కొంచెం లోటనిపిస్తుంది. ఆ నెమ్మది భాగంలో ఒకే పలుకు తిరిగి వచ్చినప్పుడు నాదం రంగు మారి ఉంటే బాగుండేది. కుడిచేతిని సౌండ్ హోల్ నుంచి కొంచెం మెడ వైపు జరిపితే మెత్తని నాదం వస్తుంది, తీగలు కట్టి ఉండే బ్రిడ్జి వైపు జరిపితే గరుకైన నాదం. సెగోవియా పాత రికార్డింగుల్లో ఈ రంగులు ఎన్నో. విలియమ్స్ దాన్ని పొదుపుగా వాడతారు.

ఇందులో వాయిద్యం పాత్ర కూడా ఉంది. ఆయన వాయించేది ఆస్ట్రేలియాకు చెందిన గ్రెగ్ స్మాల్‌మన్ చేసిన గిటార్. మామూలు స్పానిష్ గిటార్‌లో పైపలక కింద విసనకర్ర ఆకారంలో సన్నని చెక్క బద్దలుంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆంటోనియో దె తోర్రెస్ స్థిరపరిచిన పద్ధతి అది, ఆయన కూడా ఈ సెవిల్‌లోనే ఏళ్ళ తరబడి పనిచేశారు. స్మాల్‌మన్ ఆ బద్దల్ని తీసేసి, బాల్సా చెక్క, కార్బన్ ఫైబర్‌తో జల్లెడలా గళ్ళుగళ్ళుగా అల్లి, పైపలకను బాగా పలుచన చేశారు. దాంతో నాదం పెద్దదవుతుంది, మంద్ర తీగలు బలంగా పలుకుతాయి. బొటనవేలి పాట అంత స్పష్టంగా వినపడటంలో దీని వాటా ఉంది. పాతకాలపు గిటార్‌లోని తీపి కొంత తగ్గిందనేవాళ్ళతో నేను వాదించను.

ఇదే కచేరీలో హోఆకిన్ రోద్రిగో రాసిన 'కన్సియెర్తో దె అరన్హుయేజ్' అనే గిటార్, ఆర్కెస్ట్రా రచనలోని అడాజియో, అంటే నెమ్మది భాగం, కూడా ఉంది, సెవిల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో. అది వదలకండి. రోద్రిగోకు మూడేళ్ళ వయసులో డిఫ్తీరియా వల్ల చూపు పోయింది. ఆయన గిటారిస్ట్ కాదు, పియానిస్ట్. ఈ కన్సెర్టోను 1939లో పారిస్‌లో రాశారు, 1940లో బార్సిలోనాలో దాని తొలి ప్రదర్శన జరిగింది. అడాజియోలో కోర్ ఆంగ్లే అనే ఊదే వాయిద్యం ఒక మాట అంటుంది, గిటార్ దాన్నే తన పద్ధతిలో అలంకరించి తిరిగి చెబుతుంది. అందరూ చల్లని మనిషి అనే విలియమ్స్ ఆ జవాబులు ఎలా చెప్పారో వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

అస్తూరియాస్ విన్నాక అలిసియా దె లరోచా పియానో రికార్డింగ్ కూడా వెతుక్కుని వినమంటాను. బార్సిలోనాలో పుట్టిన పియానిస్ట్ ఆవిడ, అల్బెనిజ్ సంగీతానికి ఆవిడ పెట్టింది పేరు. గిటార్ తర్వాత ఆ పియానో వింటే, అల్బెనిజ్ పియానో మీద ఏ చప్పుడు కోసం వెతికారో బాగా తెలుస్తుంది. రెండూ వినండి, ఆ పెద్ద కార్డ్‌లు మీకు దేనిలో ఎక్కువ నచ్చాయో కామెంట్‌లో రాయండి. నా ఓటు విలియమ్స్‌కే. ఉంటానండీ.