క్లిప్పులు తీసిన ఏడేళ్ళకు నా పళ్ళ రివ్యూ

నమస్తే అండీ. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళ వీడియోలు దాదాపు అన్నీ క్లిప్పులు తీసిన రోజుతోనే ఆగిపోతాయి. నావి తీసి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఏం జరిగిందో చూపిస్తాను.

కెమెరా దగ్గరికి వస్తున్నాను, చూడండి. పై వరుస బాగుంది. ఇప్పుడు కింది వరుస. ముందు నాలుగు పళ్ళలో ఈ రెండూ మళ్ళీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి.

ఇంటర్ అయ్యాక ఇక్కడే అనంతపురంలో నాలుగు పళ్ళు తీయించుకుని, రెండేళ్ళు క్లిప్పులతో ఉన్నాను. క్లిప్పులు తీసిన రోజు ప్లాస్టిక్ రిటైనర్లు, అంటే పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచే తొడుగులు ఇచ్చి, రాత్రిళ్ళు పెట్టుకోమన్నారు. ఎన్నేళ్ళు పెట్టుకోవాలో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. కొన్నాళ్ళకు అమ్మ శుభ్రం చేద్దామని కింది రిటైనర్‌ను మరిగే నీళ్ళలో వేసింది. వంకరపోయింది. పైది పెట్టుకుంటూనే ఉన్నాను, కిందిది మళ్ళీ చేయించుకోలేదు. అసలే కింది ముందుపళ్ళు తొందరగా కదులుతాయి.

ఎందుకు కదులుతాయంటే, పన్ను చుట్టూ చిగురులో సన్నటి నారలు ఉంటాయి. వాటిలో సాగే రకం నారలు కొత్త చోటికి అలవాటుపడటానికి ఏడాది దాకా పట్టొచ్చు. అప్పటిదాకా పన్నును పాత చోటికే లాగుతుంటాయి. మెలితిరిగిన పన్నును సరిచేస్తే ఈ లాగుడు ఇంకా ఎక్కువ. సరే, ఏడాది దాటితే ఇక భయం లేదా? ఉంది. వయసు పెరిగేకొద్దీ కింది ముందుపళ్ళు ఇరుకుపడటం క్లిప్పుల ముఖమే చూడనివాళ్ళకూ జరుగుతుంది. మా నాన్న పళ్ళే సాక్ష్యం. అందరూ జ్ఞానదంతాలను తిడతారు గానీ, పళ్ళు ఇరుకుపడకుండా ఉండాలని వాటిని పీకించుకోవడానికి పరిశోధనల మద్దతు లేదు.

అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో రాబర్ట్ లిటిల్ బృందం నాలాగే పళ్ళు తీసి క్లిప్పులు వేసిన కేసులను ఏళ్ళ తరబడి చూసింది. రిటైనర్ ఆపిన పదేళ్ళకు కింది ముందుపళ్ళ వరుస బాగున్నవాళ్ళు 30 శాతం లోపేనని 1981లో రాశారు. 20 ఏళ్ళకు అది 10 శాతమేనని 1988లో తేలింది. ఈ అంకెలు నాకు క్లిప్పులు వేసేముందే తెలియాల్సింది. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆరు నెలల కిందట కింది పళ్ళ వెనక సన్నటి తీగ అంటించారు. ఇది ఉన్న వరుసను నిలుపుతుంది, వంకరను సరిచేయదు. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, అది నాకు నచ్చింది. కానీ తీగ చుట్టూ గార పడుతుంది, కింద సందుల్లో శుభ్రం చేయడానికి ఓపిక కావాలి. వేయించిన చెనక్కాయలు ముందుపళ్ళతో కొరకడం మానేశాను. ఒకవైపు ఊడినా మనకు తెలియదు, ఆ పన్ను మెల్లగా జరిగిపోతుంది. కాబట్టి చూపించుకుంటూ ఉండాలి. ప్లాస్టిక్‌దైతే చల్లనీళ్ళతోనే కడగండి, మన ఎండల్లో కారులో వదలకండి.

మళ్ళీ క్లిప్పులు వేయించుకుంటానా అంటే, తప్పకుండా. వచ్చే నెల మా చెల్లెలికి వేస్తున్నారు. ఈసారి డబ్బు మాట్లాడేటప్పుడే అడిగేశాం: రిటైనర్ ఈ రేటులోనే ఉందా, విరిగితే మళ్ళీ చేయడానికి ఎంత, ఎన్నేళ్ళు పెట్టుకోవాలి? చివరిదానికి డాక్టరుగారు, "పళ్ళు ఇలాగే ఉండాలనుకున్నన్నాళ్ళూ పెట్టుకోవాలమ్మా" అన్నారు. చెల్లెలు కాసేపు ఆలోచించి, సరేనంది.