పెద్దవాళ్ల హాలోవీన్: ముఖానికి రంగు, ఊరికో పద్ధతి

సుధ: నమస్కారం అందరికీ. ఈ వారం పెద్దవాళ్లు హాలోవీన్‌కి, అంటే అక్టోబర్ 31న వచ్చే వేషాల పండగకి, వేషం కట్టడం గురించి. ఏ ఊళ్లో ఏ పద్ధతి ఉందో చెప్పుకుందాం. కిరణ్, మొదలుపెట్టు. నీ నకిలీ రక్తం పాకం ఇప్పుడే వద్దు.

కిరణ్: పాకం చివర్లో వస్తుందక్కా. ముందు న్యూయార్క్. గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపు 1974లో మొదలైంది. ఇప్పుడు సిక్స్త్ అవెన్యూ మీద సాగుతుంది. వేషం కట్టుకొస్తే చాలు, ఎవరైనా కలిసి నడవచ్చు. మామూలు బట్టల్లో వస్తే పక్కన నిలబడి చూడాల్సిందే.

సుధ: మంచి నియమం. మన తిరుపతి గంగ జాతరలో...

కిరణ్: జాతర మాట అప్పుడే వచ్చేసింది! అక్క ఎన్నిసార్లు అంటుందో లెక్కపెట్టేవాళ్లు ఒకటి రాసుకోండి.

సుధ: రాసుకోనీ. బైరాగి వేషం రోజు ఒళ్లంతా నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని అమ్మవారి దగ్గరికి వెళ్తారు. అది మొక్కు. ఇంత వయసొచ్చాక వేషాలేంటని అక్కడ ఎవరూ అడగరు. అమెరికా వచ్చిన మనవాళ్లు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోతారు.

కిరణ్: కొందరు ధైర్యం చేస్తారు, రంగు దగ్గర దెబ్బతింటారు. డబ్బా కొంటారు, అది నూనె రంగో నీళ్ల రంగో చూడరు. నన్నడిగితే నాలుగు గంటల పార్టీకి నూనె రంగే.

సుధ: ఒప్పుకోను. నూనె రంగు ఎప్పటికీ ఆరదు. ఎవరినైనా కౌగిలించుకుంటే సగం ముఖం వాళ్ల భుజానికి అంటుకుంటుంది.

కిరణ్: పౌడర్ అద్దకపోతే అంటుకుంటుంది. పద్ధతుంది కదా. పల్చగా పూయాలి, పఫ్ నిండా రంగులేని పౌడర్ తీసుకుని అద్దాలి. రుద్దితే చారలు పడతాయి. నాలుగైదు నిమిషాలు ఆగి, మెత్తటి బ్రష్‌తో మిగిలింది దులిపేయాలి. అప్పుడు చెమటకి కూడా కరగదు.

సుధ: నీళ్ల రంగుకి ఇంత తతంగం లేదు. స్పాంజి తడిపి గట్టిగా పిండాలి, నీళ్లు కారకూడదు. పల్చటి పూత ఒకటి, అది పూర్తిగా ఆరాక రెండోది అద్దడం. అందరూ చేసే తప్పు ఒకటే, తెలుపు బాగా కనిపించాలని ఒకేసారి మందంగా పూస్తారు. నవ్వగానే పెదాల పక్కన బీటలు.

కిరణ్: చెమట పడితే?

సుధ: కారుతుంది. అది నిజమే. కానీ అక్టోబర్ 31 రాత్రి మిషిగన్‌లో ఎంత చెమట పడుతుంది?

కిరణ్: బయట పట్టదు. హీటర్ వేసిన ఇంట్లో ముప్పై మంది చేరితే పడుతుంది. ఇంకొకటి, చొక్కా ముందే వేసుకోవాలి, అదీ ముందు గుండీలున్నదే. తలమీంచి తొడిగే బట్ట ఏ రంగునైనా చెరిపేస్తుంది.

సుధ: దీంట్లో నీతో గొడవ లేదు. కడగడం చెప్పు.

కిరణ్: నూనె రంగుని సబ్బుతో రుద్దితే చర్మం ఎర్రబడుతుంది గానీ రంగు పోదు. ముందు కొబ్బరినూనె పట్టించాలి, ఒక నిమిషం మర్దనా చేసి టిష్యూతో తుడిచేయాలి. ఆ తర్వాతే ఫేస్‌వాష్.

సుధ: నీళ్ల రంగైతే సబ్బు చాలు. ఇది కూడా నా వైపే. జాతరలో సుద్ద, బొగ్గు, కుంకుమ, ఏదీ డబ్బాలోంచి రాదు...

కిరణ్: రెండు. అక్కా, ఆ కుంకుమ పసుపూ సున్నంతో చేసిందైతే వేరు. ఇప్పుడు బజార్లో దొరికేదంతా అది కాదు. ముఖమంతా పూయమని మాత్రం చెప్పకు.

సుధ: చెప్పను. ఏ రంగైనా ముందురోజు మోచేతి లోపల కాస్త రాసి చూసుకోవాలి. దురద పెడితే ఆ రంగు వద్దు. ఎంత ఖరీదైనా సరే.

కిరణ్: కళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేద్దాం. మెరిసే నియాన్ రంగులు కంటి చుట్టూ వాడకూడదు. అమెరికాలో మందులు, సౌందర్య సామగ్రిని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆ చోటుకి వాటిని అనుమతించలేదు. ఇక పిల్లికళ్ల కాంటాక్ట్ లెన్సులు. పవర్ లేకపోయినా అమెరికాలో అవి వైద్య పరికరం కిందే లెక్క, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పండగ సామాన్ల కొట్లలో అమ్ముతారు.

సుధ: ఈ విషయంలో నాకు నిజంగా భయం. కొలత సరిపోని లెన్సు నల్లగుడ్డు మీద గీరుతుంది, ఆ గీతలో చీము పట్టిందంటే చూపే పోవచ్చు. ఒక్క రాత్రి కోసం. వద్దు, దయచేసి వద్దు.

కిరణ్: (కాసేపు ఆగి) సరే. పాకం.

సుధ: చెప్పు, చెప్పకపోతే ఊరుకోవు.

కిరణ్: నకిలీ రక్తం. కప్పు కార్న్ సిరప్, అంటే మొక్కజొన్న పాకం, పెద్ద చెంచాడు ఎర్ర ఫుడ్ కలర్, పెద్ద చెంచాడు కోకో పొడి. కోకోని ముందే రెండు చెంచాల నీళ్లలో ఉండల్లేకుండా కలపాలి. కోకో లేకపోతే రక్తంలా ఉండదు, గులాబీ షర్బత్‌లా అందులోంచి వెలుతురు కనబడుతుంది. చివర ఒక్క చుక్క నీలం. రెండు చుక్కలైతే ఊదా రంగుకి తిరుగుతుంది.

సుధ: అది ఆరదు, సోఫాకి అంటుతుంది, మరక పోదు. ఆ రాత్రి ఇల్లిల్లూ తిరిగే పిల్లలకి గుమ్మంలో చాక్లెట్లు పంచేవాళ్లకి రక్తం వద్దే వద్దు. మూడేళ్ల పిల్లలొస్తారు. ముఖం కప్పే మాస్కు కూడా వద్దు. లాంతరు పట్టుకున్న తాతయ్య వేషమైనా చాలు.

కిరణ్: ఊళ్ల పద్ధతులు మిగిలిపోయాయక్కా.

సుధ: గబగబా చెప్పు.

కిరణ్: అయోవాలో డిమోయిన్. అక్కడ పిల్లలు ఇల్లిల్లూ తిరిగేది దశాబ్దాలపాటు 31న కాదు, 30న. బెగ్గర్స్ నైట్ అంటారు. జోకు చెబితేనే చాక్లెట్. స్కాట్లాండ్‌లో ఇలా తిరగడాన్ని గైజింగ్ అంటారు, అక్కడ పాటో పద్యమో వినిపించాలి. వర్జీనియాలో 16 ఏళ్లు దాటినవాళ్లు ఎవరో తెలియకుండా మాస్కు వేసుకుని బయట తిరగడం నేరం. పండగ వేషాలకి మినహాయింపుంది. అదే రాష్ట్రంలో చెసపీక్ ఊరు, ఇల్లిల్లూ తిరిగే పిల్లల వయసు హద్దుని 2019లో 12 నుంచి 14కి పెంచింది.

సుధ: అంటే పెద్దవాళ్లు చాక్లెట్లు అడగకూడదు, పిల్లల వెంట వేషంలో నడవచ్చు.

కిరణ్: నడవాలి కూడా. కాకపోతే అంగీ అంచు బూటుకి రెండంగుళాలు పైన ఉండాలి, లేకపోతే మెట్ల మీద తొక్కుకుని పడతారు. లోపల స్వెట్టర్ పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

సుధ: పాటకి చాక్లెట్ అన్నావు చూడు, జాతర వేషగాళ్లు ఇళ్ల ముందుకి...

కిరణ్: మూడు!

సుధ: విను ముందు. పేరంటాళ్ల వేషం రోజున...

కిరణ్: అక్కా, ఎర్ర లైటు వెలిగింది, రికార్డింగ్ కార్డు నిండిపోతోంది.