మసాయి మారాలో ఇంజను ఆపిన అరగంట

[దృశ్యం: తెల్లవారుతోంది. మంచుకు తడిసిన గడ్డి. చెదపుట్ట మీద ఆడ చీతా. గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు.]

వ్యాఖ్యాత: చెదపుట్ట ఎక్కి కూర్చున్నది ఆడ చీతా. కింద గడ్డిలో దొర్లుతున్నవి దాని పిల్లలు. మన వాహనం వచ్చి ఆగినా అది తల తిప్పలేదు. దాని చూపంతా అల్లంత దూరాన మేస్తున్న థామ్సన్ గజెల్‌ల మీదే ఉంది. అవి మన కృష్ణజింక కన్నా చిన్నగా, బక్కపలచగా ఉంటాయి.

ఇప్పుడు దాని ముఖాన్ని దగ్గరగా చూడండి.

[దృశ్యం: తెర నిండా చీతా ముఖం.]

కంటి లోపలి కొస నుంచి నోటి దాకా కాటుక కరిగి జారినట్టు నల్లటి చార. చిరుతపులికి ఈ చార ఉండదు. మనం చాలాసార్లు రెండింటినీ ‘చిరుత’ అనే పిలిచేస్తుంటాం కానీ, అవి వేర్వేరు జంతువులు. చిరుతపులి ఒంటి మీది మచ్చలు రేకులు విడిన పువ్వుల్లా నడుమ ఖాళీతో ఉంటాయి. చీతావి సిరాలో ముంచిన వేలితో అద్దినట్టు నిండు చుక్కలు. అసలు చీతా అన్న పేరు సంస్కృతంలోని ‘చిత్ర’ శబ్దం నుంచి వచ్చింది, చుక్కలున్నది అని. విచిత్రం చూడండి, ఈ నేల పేరుకూ అదే అర్థం. ఇక్కడి మసాయి తెగ వారి భాష పేరు ‘మా’. ఆ భాషలో ‘మారా’ అంటే మచ్చలు మచ్చలుగా ఉన్నది. ఎత్తు నుంచి చూస్తే పచ్చిక మీద అక్కడక్కడ తుమ్మచెట్లు, పొదలు చుక్కలు పెట్టినట్టే కనిపిస్తాయి.

[దృశ్యం: పటం. కెన్యా నైరుతి మూల, టాంజానియా సరిహద్దు.]

కెన్యాలోని నరోక్ కౌంటీలో ఉన్న ఈ మసాయి మారా నేషనల్ రిజర్వ్ విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన సరిహద్దు దాటితే టాంజానియా వారి సెరెంగెటి నేషనల్ పార్క్. మధ్యలో కంచె లేదు. జంతువులకు అది ఒకటే మేతభూమి. సఫారీ అన్న మాటకు స్వాహిలీలో ప్రయాణం అని అర్థం. అరబ్బీ నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవారు అనే ‘సఫర్’ కూడా అక్కడి నుంచి వచ్చినదే.

ఒకప్పుడు ఆ ప్రయాణం తుపాకీతో సాగేది. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న: ఈ అయిదింటినీ ‘బిగ్ ఫైవ్’ అంటారు కదా, ఆ మాట పుట్టింది వేటగాళ్ల నోట. కాలినడకన వేటాడటానికి ప్రమాదకరమైనవి అని వారి లెక్క. 1977లో కెన్యా వేటను నిషేధించింది. మాట మాత్రం మిగిలింది. ఆ జాబితాలో చీతా లేదు. జిరాఫీ కూడా లేదు. అందుకే ఆ అయిదూ చూస్తేనే సఫారీ పూర్తయినట్టు అనుకోకండి.

[దృశ్యం: మారా నది ఒడ్డున దుమ్ము. వేల గిట్టల చప్పుడు.]

ఎక్కువ మంది ఇక్కడికి జులై నుంచి అక్టోబరు లోపు వస్తారు. కారణం విల్డ్‌బీస్ట్‌లు, ఎద్దును తలపించే పెద్ద జింకలు. ఏడాది మొదటి నెలల్లో ఇవి సెరెంగెటి దక్షిణాన పొట్టి గడ్డి మైదానాల్లో ఈనుతాయి. అక్కడ గడ్డి ఎండిపోగానే వాన పడిన వైపు నడక మొదలవుతుంది. లక్షలాది విల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు చారల గుర్రాలు. వానే దారి చూపుతుంది కాబట్టి, ఫలానా తేదీన ఫలానా రేవులో దాటతాయని ఎవరూ మాట ఇవ్వలేరు. ఇస్తామన్న వారిని నమ్మకండి.

నది దాటడం అనగానే మనకు మొసళ్లు గుర్తొస్తాయి. కానీ వరద ఉద్ధృతిలో, తొక్కిసలాటలో మునిగి చనిపోయేవి చాలా ఎక్కువ. 2001 నుంచి 2015 వరకు జరిగిన సామూహిక మరణాలను లెక్కగట్టిన పరిశోధకులు ఏడాదికి సగటున 6,250 విల్డ్‌బీస్ట్‌లు ఇలా మునిగిపోయాయని తేల్చారు. మొసళ్లు తినేది అందులో కొద్ది భాగమే. మిగతా మాంసం రాబందులకు, మారబూ కొంగలకు, చేపలకు. ఎముకలు కరగడానికి ఏళ్లు పడుతుంది, కరిగినంత కాలం నదికి సత్తువ ఇస్తూనే ఉంటాయి. చూడటానికి గుండె బరువెక్కే దృశ్యమే. అయినా నది బతుకులో అదీ ఒక భాగం.

[దృశ్యం: సామాను సర్దుతున్న చేతులు.]

ఇక వెళ్లే ఏర్పాట్లు. ముంబయి నుంచి నైరోబీకి నేరుగా విమానాలున్నాయి. నైరోబీ నుంచి రోడ్డు మీద అయిదారు గంటలు, చిన్న విమానంలో గంటలోపే. చిన్న విమానమైతే సామాను 15 కిలోలు దాటకూడదు, మెత్తటి సంచిలో ఉండాలి. 2024 నుంచి కెన్యాకు వీసా బదులు ముందుగానే ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకుంటే చాలు. రిజర్వ్ ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రాన్ని మన దేశపు విమానాశ్రయంలోనే అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది, కనుక ప్రయాణం ముందు రోజు పరుగెత్తితే లాభం లేదు. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. మలేరియా మాత్రల సంగతి మీ డాక్టర్‌ని అడగండి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెటర్ వదిలేయకండి. ఈ నేల సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది, తెల్లవారుజామున చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ప్లాస్టిక్ సంచులకు కెన్యాలో 2017 నుంచి నిషేధం ఉంది. ఊరగాయ పట్టుకెళ్లండి కానీ దానికి చుట్టిన కవరు వద్దు.

[దృశ్యం: మళ్లీ అదే చెదపుట్ట. దుమ్ము లేపుకుంటూ వాహనాలు.]

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ వాహనాలను చూడండి. రేడియోలో ‘దుమా’ అన్న మాట వినబడింది. స్వాహిలీలో చీతా అని. అయిదు నిమిషాల్లో ఇన్ని వచ్చాయి.

జంతువు దగ్గర ఒకేసారి అయిదు వాహనాలకు మించి ఉండకూడదు, 25 మీటర్ల దూరం పాటించాలి, బాట వదిలి గడ్డిలోకి దిగకూడదు. ఇవి ఇక్కడి నియమాలు. ఎవరు దాటుతారు? డ్రైవర్లను తప్పుపట్టే ముందు వెనక సీట్లోంచి వినిపించే మాట వినండి: ‘ఇంకొంచెం ముందుకు పోనివ్వు.’ ఆ మాట మనదే. మంచి ఫొటో దొరికితే మంచి బక్షీసు దొరుకుతుందని అతనికి తెలుసు. ఇంటి దగ్గర పిల్లల బడి ఫీజులు కూడా అతనికి గుర్తుంటాయి.

మారాలో తల్లి చీతాలను గమనించి 2018లో వెలువరించిన ఒక అధ్యయనం ఉంది. పర్యాటకుల తాకిడి ఎక్కువగా ఉన్న చోట ఒక్కో ఈతకు బతికి పెద్దయిన పిల్లలు సగటున 0.2. తాకిడి తక్కువ ఉన్న చోట 2.3. అంటే రద్దీలో అయిదు ఈతలకు ఒక్క పిల్ల. చీతా పగటిపూట వేటాడుతుంది, సరిగ్గా మనం తిరిగే వేళల్లో. వేట చెడితే తల్లికి పాలుండవు. పట్టిన జింకను కూడా సింహాలు, దుమ్ములగొండ్లు వచ్చి లాక్కుంటాయి, ఎదిరించే బలం దానికి లేదు. కాళ్లలో పరుగు తప్ప దానికి మరో ఆస్తి లేదు. ఆ పరుగుకు మనం అడ్డంగా నిలబడుతున్నాం.

అందుకే నా మాట: రిజర్వ్ చుట్టూ మసాయి కుటుంబాల సొంత భూముల్లో కన్సర్వెన్సీలున్నాయి, అంటే వన్యప్రాణుల కోసం విడిచిపెట్టిన నేలలు. నబోయిషో, మారా నార్త్, ఒలారే మొటొరొగి లాంటివి. అక్కడి విడిదులు భూయజమానులకు కౌలు కడతాయి, వాహనాల సంఖ్యకు గట్టి పరిమితి పెడతాయి. ఖర్చు ఎక్కువే. నాలుగు రోజులు అనుకున్నది మూడు చేసుకునైనా, ఒక రాత్రి అక్కడ గడపండి. అది వీలుకాకపోతే, మొదటి రోజు బండి ఎక్కగానే డ్రైవరుతో చెప్పండి: ‘పోలే పోలే.’ మెల్లగా, మెల్లగా అని. దగ్గరికి పోకపోయినా మీ బక్షీసు తగ్గదని కూడా చెప్పండి.

[దృశ్యం: వాహనాలు ఒక్కొక్కటిగా వెళ్లిపోతాయి. మన ఇంజను ఆగుతుంది.]

అరగంట గడిచింది. గజెల్‌లు దూరం జరిగాయి, ఈ పొద్దుటి వేట తప్పినట్టే. తల్లి పుట్ట దిగింది. పిల్లలు గడ్డిలో కనిపించడం లేదు. ఇప్పుడు వినండి. చీతాకు సింహంలా గర్జించడం రాదు. పిల్లల్ని పిట్టలా కిచకిచమని పిలుస్తుంది.

[శబ్దం: సన్నటి కూత. మళ్లీ ఒకసారి. గడ్డి కదులుతుంది. ఒక పిల్ల, దాని వెనకే ఇంకొకటి.]