లైటు స్తంభం మీద డేగ

శ్రోతలకు నమస్కారం.

న్యూజెర్సీలో మేం సరుకులు తెచ్చుకునే గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో ఒక ఎత్తైన లైటు స్తంభం ఉంది. చలికాలమంతా దాని మీద ఒక పక్షి కూర్చునేది. నేను పట్టించుకోలేదు. ఒకరోజు కారు డిక్కీలో బియ్యం బస్తా పెడుతుంటే అది రెక్కలు విప్పింది. నాలుగడుగుల పైచిలుకే ఉంటాయి. వంపు తిరుగుతుంటే వెనకనుంచి ఎండ పడి, తోక కాల్చిన ఇటుక రంగులో వెలిగింది. బస్తా సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

అది ఎర్రతోక డేగ. ఉత్తర అమెరికాలో అడవి, ఎడారి, నగరం అన్న తేడా లేకుండా కనిపిస్తుంది. హైవే పక్కన స్తంభాల మీద మరీ ఎక్కువ. అక్కడ గడ్డి కోసేసి ఉంటుంది కాబట్టి చిట్టెలుకలకు దాక్కునే చోటు తక్కువ. తోక ఎర్రగా లేకపోతే ఇది కాదేమో అనుకోకండి. పిల్లడేగ తోక గోధుమరంగులో, అడ్డచారలతో ఉంటుంది. ఏడాది దాటి ఈకలు మార్చుకున్నాకే ఎరుపెక్కుతుంది.

ఫొటో తీయాలంటే కారు దిగకండి. కారును చూసి బెదరని డేగ, మనిషి దిగితే లేచిపోతుంది. గాలి మీ వీపుకు తగిలేలా కారు ఆపుకోండి. డేగ గాలికి ఎదురుగా లేస్తుంది, అంటే మీవైపే వస్తుంది. ఎండ కూడా మీ వెనకే ఉంటే అదృష్టం. లేచే ముందు చాలాసార్లు రెట్ట వేస్తుంది, ముందుకు వంగుతుంది, కాళ్లు కొంచెం ముడుస్తుంది. వేలు బటన్ మీద ఉండాల్సింది అప్పుడే. టెన్షన్‌లో షట్టర్ వేగం చూసుకోక నేను పోగొట్టుకున్న ఫొటోలు ఎన్నో. సెకనులో వెయ్యో వంతు, ఇంకా వేగంగా ఉంటే మరీ మంచిది. మేత చూపించి మాత్రం పిలవకండి. రోడ్డు మీదికి దిగడం అలవాటైతే ఏ కారు కిందో పడి చస్తుంది.

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1991లో కనిపించిన డేగకు జనం పేల్ మేల్ అని పేరు పెట్టుకున్నారు. ఫిఫ్త్ అవెన్యూలో ఖరీదైన భవనం అంచు మీద గూడు కట్టింది. 2004 డిసెంబరులో ఆ గూడు తీసేస్తే, జనం చలిలో రోడ్డు మీద నిలబడి నిరసన తెలిపారు. ఆ నెలలోనే గూటికి మళ్లీ ఆధారం బిగించాల్సి వచ్చింది. ఒక పక్షి కోసం మహానగరం అంతగా కదలడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

మా స్తంభం మీది డేగకు ఈ మార్చిలో జోడీ దొరికింది. దుకాణం వెనక సెల్ టవర్ మీద పుల్లలు పేరుస్తున్నాయి. పెద్దది ఆడది. మగది తెచ్చిన పుల్లను ముక్కుతో అటూ ఇటూ తిప్పి, నచ్చేదాకా సర్దుతూనే ఉంది.