తెల్లగా మొలిచినా మొలిచినట్టే

అందరికీ నమస్కారం. ఆదివారం పూట కూకట్‌పల్లి నుంచి కొందరు, ఎల్బీనగర్ నుంచి కొందరు ఇంత దూరం వచ్చారు, టోపీ పెట్టుకుని వచ్చినవాళ్ళున్నారు, చున్నీ కప్పుకుని వచ్చినవాళ్ళున్నారు, ఏమీ పెట్టుకోకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు, అందరికీ థ్యాంక్స్. నేను డాక్టర్ని కాదు, మల్కాజిగిరిలో టీచర్ని, చాలా ఏళ్ళుగా అలోపేషియా ఏరియాటా ఉంది నాకు, మనిళ్ళల్లో పేనుకొరుకుడు అంటారు కదా, అదే. ఊడటం గురించి మనందరికీ తెలుసు, దువ్వెన చూస్తేనే గుండె ఆగినట్టయ్యేది కూడా తెలుసు. ఇవాళ నేను మళ్ళీ మొలవడం గురించి మాట్లాడతాను, అందులోనూ రంగు గురించి, ఎందుకంటే జుట్టు వస్తోంది అని సంతోషపడాల్సిన టైమ్‌లో అది తెల్లగా వస్తోందని చూసి కుప్పకూలిపోయిన ఆడపిల్లలు నాకు తెలుసు.

ముందు లోపల జరిగేది చెప్తాను. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన టి కణాలు పొరపాటున వెంట్రుక కుదురు మీద పడతాయి, పెరుగుతున్న వెంట్రుక అక్కడికక్కడ ఆగి ఊడిపోతుంది. కానీ కొత్త వెంట్రుకని పుట్టించే మూలకణాలు కొంచెం పైన ఉంటాయి, వాటి జోలికి ఈ దాడి మామూలుగా పోదు. అందుకే ఆ చోట మచ్చ పడదు, నున్నగా ఉంటుంది, ఏళ్ళ తర్వాత కూడా మళ్ళీ మొలిచే అవకాశం మిగిలే ఉంటుంది. ఇది అంటుకోదు, ఒకరి దువ్వెన ఇంకొకరు వాడినా రాదు, స్కూల్లో పక్కన కూర్చున్నా రాదు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అంటే మన సిటీ బస్సుల్లో రోజూ ఎంతమంది తిరుగుతున్నారో లెక్కేసుకోండి.

ఇప్పుడు రంగు. వెంట్రుకకి నలుపునిచ్చే మెలనిన్ కణాలు కూడా ఆ కుదుట్లోనే ఉంటాయి, ఈ దాడికి నల్ల వెంట్రుకలంటేనే ఎక్కువ గురి, తెల్లవాటిని చాలాసార్లు వదిలేస్తుంది. 1793లో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్‌కి మరణశిక్షకి ముందు రాత్రికి రాత్రే జుట్టు తెల్లబడిందని ఒక కథ ఉంది, నిజమో కాదో గానీ, బయటికొచ్చేసిన వెంట్రుక ఒక్క రాత్రిలో రంగు మారదు. నల్లవీ తెల్లవీ కలిసి ఉన్న తలలో నల్లవి మాత్రం గబగబా ఊడిపోతే చూసేవాళ్ళకి తల తెల్లబడ్డట్టే కనిపిస్తుంది, ఇలాంటి కేసులకి డాక్టర్లు చెప్పే కారణం ఎక్కువగా ఇదే.

మొలిచేటప్పుడు కూడా ఇంతే, వెంట్రుకని తయారుచేసే పని ముందు మొదలవుతుంది, రంగు వేసే కణాలు వెనక్కి రావడానికి ఇంకా టైమ్ పడుతుంది. మొదట నూగులాగా వస్తుంది, వేలితో తడిమితేనే తెలుస్తుంది, తర్వాత తెల్లటి వెంట్రుకలు, ఆ తర్వాత చాలామందిలో నెమ్మదిగా నలుపు. నా చెవి వెనక రూపాయి బిళ్ళంత జాగాలో వచ్చినవాటిని మా చెల్లి ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీసి చూపించింది, ఒకే వెంట్రుక, కొస తెల్లగా, మొదలు నల్లగా. డై వేసిన తలకి సరిగ్గా ఉల్టా అన్నమాట, డై తలలో మొదలు తెల్లగా ఉంటుంది. ముందు పెరిగిన భాగం కొస కదా, అప్పటికి రంగు రాలేదు, తర్వాత వచ్చింది, అంతా ఆ ఒక్క వెంట్రుకలోనే కనిపించింది. కొందరికి తెల్లగానే ఉండిపోతుంది, కొందరికి సన్నగానో ఉంగరాలుగానో వస్తుంది, అది కూడా వచ్చిన జుట్టే. పీకకండి. ఇంట్లో పెద్దవాళ్ళు "తెల్లవి పీకేస్తే నల్లవి వస్తాయి" అంటారు, రావు, పాపం కష్టపడి వచ్చినదాన్ని మనమే తీసేసుకున్నట్టవుతుంది.

డై సంగతి చాలామంది అడిగారు. వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, తప్పేం లేదు, కాకపోతే నల్ల డైల్లో ఎక్కువవాటిలో పీపీడీ అనే కెమికల్ ఉంటుంది, నల్ల హెన్నా అని అమ్మేవాటిల్లో కూడా కలుపుతారు, అలర్జీ వస్తే మొహం కూడా వాచిపోతుంది. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడండి, ఈ జబ్బుకి తలలో ఇంజెక్షన్లు నడుస్తుంటే డాక్టర్ని అడిగి వేసుకోండి.

ఇంక జుట్టు ఊడిన చోట గురివింద గింజ అరగదీసి పట్టించడం, దయచేసి వద్దు, అది విషం, పిల్లల నోట్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. "మా బాబాయికి దాంతోనే జుట్టు వచ్చింది" అంటారు, కొంచెం చోట ఊడితే ఆ ఖాళీలు చాలామందిలో ఏడాదిలోపు వాటంతటవే నిండుతాయి, పేరు మాత్రం గింజకి పోతుంది.

మందులు ఉన్నాయి. కొంచెం చోటే ఊడితే ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, సన్నటి సూదితో చుక్క చుక్కగా చర్మంలోకి ఇస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కొన్నిచోట్ల చిన్న గుంట పడొచ్చు, ఎక్కువగా పూడుకుంటుంది. తలలో చాలా జుట్టు పోయినవాళ్ళకి ఇప్పుడు జాక్ ఇన్హిబిటర్లు, అంటే ఒంట్లో ఆ దాడిని అణిచే మాత్రలు, బారిసిటినిబ్‌ని 2022లో అమెరికాలో పెద్దవాళ్ళకి ఆమోదించారు, రిట్లెసిటినిబ్‌ని 2023లో పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి. అందరికీ పని చెయ్యవు, ఆపితే మళ్ళీ ఊడొచ్చు, మొదలుపెట్టే ముందు టీబీ టెస్ట్, బ్లడ్ టెస్టులు చేయిస్తారు, మన దగ్గర టీబీ టెస్ట్ అస్సలు వదలకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందులు కావివి. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి, దీనితో పాటు అది ఉండేవాళ్ళు ఎక్కువే.

మొలిచింది మళ్ళీ ఊడొచ్చు, అది దాచను. నేను గుండుతో ఉన్నప్పుడు బస్సులో ప్రతివాళ్ళూ "తిరుపతి వెళ్ళొచ్చారా అమ్మా" అనే అడిగేవాళ్ళు, ప్రేమగానే అడిగేవాళ్ళు, కానీ రోజూ జవాబు చెప్పాలంటే మనిషి అలిసిపోతుంది. ఇంట్లోవాళ్ళకి నా రిక్వెస్ట్ ఒక్కటే, రోజూ పొద్దున్నే నెత్తి చూసి "వచ్చిందా" అని అడగకండి. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది, రోజుకేం తెలుస్తుంది. నెలకోసారి కిటికీ దగ్గర వెలుతురులో, ఒకే యాంగిల్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, నూగు ఎప్పుడొచ్చింది, తెల్లవి ఎప్పుడు, నలుపు ఎప్పుడు మొదలైంది అన్నీ అందులో దొరుకుతాయి, డాక్టర్‌కి కూడా అదే పనికొస్తుంది.

ఇంక మీరు అడగండి. మైక్‌లో అడగడం ఇష్టం లేనివాళ్ళు చీటీ మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.